నీళ్ళు తాగినకొద్దీ తలనొప్పి: ఎండాకాలపు గోల్ఫ్‌లో ఒక కేసు

నేను క్రీడా వైద్యం చేస్తాను. ఈ కేసులో మొదటి రెండు నిర్ణయాలూ నేను తప్పుగా తీసుకున్నాను. ఆ తప్పు ఎండలో గోల్ఫ్ ఆడేవాళ్ళలో ఎవరికైనా, వాళ్ళకు సలహా ఇచ్చే ఎవరికైనా జరగొచ్చు కాబట్టి రాసి పెడుతున్నాను. పేషెంట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయనకు అరవై దాటాయి. రిటైరయ్యాక వారానికి రెండుసార్లు గోల్ఫ్ ఆడుతున్నారు. కోర్స్ మీద తిరిగే చిన్న బండి, అంటే కార్ట్, ఎక్కరు. బ్యాగు ట్రాలీ మీద పెట్టి తోసుకుంటూ 18 హోల్సూ (ఒక్కోదాని చివర బంతి వేయాల్సిన గుంత ఉండే 18 మార్గాలు, అన్నీ కలిపి ఒక రౌండ్) నడుస్తారు. ఆ నడక కోసమే ఈ ఆటలోకి వచ్చానని మొదటి రోజే చెప్పారు. బరువు 78 కిలోలు. బీపీ ఉంది, రోజుకు ఒక మాత్ర వేసుకుంటారు. షుగర్ లేదు. గుండె పరీక్షలు బాగున్నాయి.

గోల్ఫ్ అంటే తేలిక ఆట అనుకునేవాళ్ళు చాలామంది, అందులో డాక్టర్లూ ఉన్నారు. ఆయాసం వచ్చేంత పరుగు లేని మాట నిజమే. కానీ 18 హోల్స్ నడిచి ఆడితే ఎనిమిది నుంచి పది కిలోమీటర్ల నడక అవుతుంది. నాలుగైదు గంటలు పడుతుంది. అంతసేపూ నెత్తిమీద ఎండే. మధ్యలో హాఫ్ టైమ్ లేదు, లోపలికెళ్ళి కూర్చునే గది లేదు. ముందు గుంపు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద ఆలస్యం చేస్తే ఫెయిర్‌వే (అక్కడిదాకా ఉండే గడ్డి దారి) మధ్యలో ఎండలోనే నిలబడాలి. శ్రమ తక్కువైనా ఎండలో ఉండే సమయం ఎక్కువ. ఈ ఆటలో ఒంటికి కష్టం అక్కడే.

మన ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవడానికి ఉన్న దారులు కొన్నే. చుట్టూ గాలి చల్లగా ఉంటే చర్మం నుంచి వేడి నేరుగా గాలిలోకి పోతుంది. గాలి చర్మం కన్నా, అంటే సుమారు 35 డిగ్రీల కన్నా వేడెక్కితే ఆ దారి తిరగబడి, గాలే మనకు వేడి ఎక్కిస్తుంది. అప్పుడు మిగిలేది చెమట ఒక్కటే, అదీ ఆరితేనే. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. అలా కారిపోయిన చెమట వల్ల ఒంట్లో నీరు పోవడమే తప్ప చల్లదనం రాదు.

ఆయన కథ అంతకు ముందు ఏడాది ఎండాకాలంలో మొదలైంది. మూడు నెలలు క్లబ్ (గోల్ఫ్ కర్ర) ముట్టుకోకుండా ఉండి, నేరుగా ఒక పోటీలో ఆడారు. టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, ఉదయం 11 గంటలకు. 15వ హోల్ దగ్గర పిక్కలు పట్టేశాయి, కళ్ళు తిరిగాయి. తోటివాళ్ళు నీడలో పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తిపెట్టి, నీళ్ళు తాగించారు. అరగంటలో లేచి కూర్చున్నారు. వేడికి అలవాటు పడని ఒళ్ళు ఎండ ముదిరే వేళ నాలుగు గంటలు తిరిగితే వచ్చే నిస్త్రాణ అది. వడదెబ్బకు ముందు మెట్టు అనవచ్చు. ఆ రోజు అందరూ ఆయనకు చెప్పింది ఒకటే: నీళ్ళు చాలలేదు, దాహం వేయకముందే తాగాలి. ఆ మాట ఆయన మనసులో నాటుకుపోయింది.

నా దగ్గరికి వచ్చినప్పటి సమస్య

ఈసారి ఎండాకాలం మొదలైన నెలకు వచ్చారు. ప్రతి రౌండ్‌లోనూ 12వ, 13వ హోల్ వచ్చేసరికి తల బరువెక్కుతోంది. వికారంగా ఉంటోంది. పుట్ (బంతిని గుంతలోకి దొర్లించే మెల్లటి దెబ్బ) కొట్టేటప్పుడు గ్రీన్ వాలు ఎటుందో తేల్చుకోలేకపోతున్నారు. ఇంటికెళ్ళాక సాయంత్రం దాకా తలనొప్పి. రౌండ్ చివర్లో గ్లవ్ ఊడదీయడం కష్టమవుతోందనీ, ఉంగరం బిగుసుకుపోతోందనీ కూడా చెప్పారు. నేను రాసుకున్నాను గానీ ఆ రెండు మాటల మీద ఆగలేదు. వేడిలో చేతులు వేలాడేసుకుని గంటలకొద్దీ నడిస్తే వేళ్ళు కొంచెం ఉబ్బడం చాలామందిలో ఉండేదే.

"ఎండ నాకు పడదు డాక్టర్ గారూ, ఇక మానేయాలా?" అని అడిగారు. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న టెన్షన్ నాకు గుర్తుంది. అరవై దాటిన మనిషి వారానికి ఇరవై కిలోమీటర్లు ఇష్టంగా నడుస్తుంటే, ఆ నడకను ఆపించడం వైద్యం కాదు. మాన్పించకుండా సరిచేయాలని నేనప్పుడే అనుకున్నాను. ఆ నిర్ణయం మాత్రం సరైనదే.

మొదట ఏం చేశాం

నా ఆలోచన ఇలా నడిచింది. పోయినేడు వేడి దెబ్బ ఒకసారి తిన్నారు. ఇప్పుడు తలనొప్పి, వికారం, ఏకాగ్రత తగ్గడం. నడివయసు దాటాక దాహం సంకేతం మందగిస్తుంది. కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతోంది. ఒంటి బరువులో రెండు శాతం దాకా నీరు పోతే ఏకాగ్రత దెబ్బతింటుంది, అది ముందు పుట్టింగ్‌లోనే బయటపడుతుంది. ఎక్కడా లోపం లేని కథ. అంత చక్కగా అతికినందుకే నేను ఇంకేమీ అడగలేదు.

టీ టైమ్ ఉదయం ఆరున్నరకు మార్చమన్నాను. తెల్లవారుజామున గాలిలో తేమ ఎక్కువే, గడ్డి మీద మంచు ఉంటుంది. అయినా ఎండ తీవ్రత, గాలి వేడి రెండూ అప్పుడే తక్కువ. మొత్తం మీద ఒంటికి పడే భారం ఆ వేళే తక్కువగా ఉంటుంది. అంచు చిన్నగా ఉండే క్యాప్ తీసేసి, చెవులూ మెడా కప్పే వెడల్పు అంచు టోపీ పెట్టుకోమన్నాను. పలచటి, వదులైన, పొడుగు చేతుల లేతరంగు చొక్కా వేసుకోమన్నాను. ఈ సలహాల్లో తప్పేమీ లేదు.

తప్పు నీళ్ళ దగ్గర జరిగింది. మొదలుపెట్టే ముందు అర లీటరు, ఆ తర్వాత ప్రతి రెండు హోల్స్‌కు ఒక అర లీటరు సీసా తాగమన్నాను. లెక్క వేస్తే రౌండ్‌కు ఐదు లీటర్లు. దాహం లేకపోయినా తాగమన్నాను. ఆయన క్రమశిక్షణ గల మనిషి. చెప్పింది చెప్పినట్టు చేశారు.

ఇంకో పని కూడా చెప్పాను, చివరికి అదే ఈ కేసును తేల్చింది. రౌండ్‌కు ముందూ తర్వాతా బరువు తూచుకుని నోట్‌బుక్‌లో రాయమన్నాను. కొద్ది గంటల్లో తగ్గిన బరువులో దాదాపు అంతా నీరే. ఒక కిలో తగ్గితే ఒక లీటరు పోయినట్టు. ఆటగాడికి ఇంతకన్నా చవకైన, నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు.

రెండు వారాల తర్వాత వచ్చారు. తెల్లవారి చల్లదనం హాయిగా ఉందన్నారు. తలనొప్పి మాత్రం తగ్గలేదు, ఇంకాస్త ముందే, పదో హోల్ దగ్గరే మొదలవుతోంది. నోట్‌బుక్ చూపించారు. మూడు రౌండ్ల లెక్కలున్నాయి. మొదటిది 78.1 నుంచి 78.7. రెండోది 78.0 నుంచి 78.9. మూడోది 78.2 నుంచి 78.9.

మూడుసార్లూ బరువు పెరిగింది. నాలుగున్నర గంటలు ఎండలో నడిచి చెమట కార్చిన మనిషి బరువు పెరగడమేమిటి? అక్కడ నేను ఆగాల్సింది. చెమటతో తడిసిన బట్టలతో తూచుకుని ఉంటారని అనుకుని పేజీ తిప్పేశాను. నీళ్ళలో ఉప్పు లేకపోవడమే కారణమేమోనని, సగం సీసాల్లో నీళ్ళకు బదులు స్పోర్ట్స్ డ్రింక్ పోసుకోమన్నాను. పరిమాణం తగ్గించలేదు. నా రెండో తప్పు నిర్ణయం ఇదే.

విఫలమైన రోజు

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం వాళ్ళావిడ ఫోన్ చేశారు. ఆ ఉదయం తొమ్మిదో హోల్‌కే తలనొప్పి మొదలైందట. నీరు తగ్గుతోందనుకుని ఆయన ఇంకో రెండు సీసాలు ఎక్కువ తాగారు. 16వ హోల్ దగ్గర వాంతి చేసుకున్నారు. 17లో తన బంతి వదిలేసి ఇంకొకరి బంతి కొట్టారు. స్కోరు అడిగితే సంబంధం లేని అంకె చెప్పారు. తోటివాళ్ళు ఆట ఆపించి, నీడలో కూర్చోబెట్టి, మళ్ళీ నీళ్ళే పట్టారు. వాళ్ళను తప్పుపట్టలేను. వాళ్ళు చేసింది నేను ఆయనకు నేర్పిందే.

వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమని చెప్పి నేనూ వెళ్ళాను. ఒంటి ఉష్ణోగ్రత 37.5 డిగ్రీలు. వడదెబ్బ అయితే లోపలి ఉష్ణోగ్రత సాధారణంగా 40 దాటి ఉంటుంది, కాబట్టి ఇది అది కాదు. నాలుక తడిగా ఉంది. బీపీ పడిపోలేదు. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. బరువు చూడమన్నాను: 80 కిలోలు. పొద్దున నోట్‌బుక్‌లో రాసుకున్నది 78.1. దాదాపు రెండు కిలోలు పెరిగారు.

రక్తంలో సోడియం 124 వచ్చింది. ఉండాల్సింది లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్.

నీరు తక్కువై వచ్చిన జబ్బు కాదిది, ఎక్కువై వచ్చింది. తాగిన నీరు రక్తంలో సోడియాన్ని పలచబరిస్తే, ఆ నీరు కణాల్లోకి చేరుతుంది. మెదడు కణాలు ఉబ్బుతాయి. గట్టి ఎముక పెట్టెలో ఉన్న మెదడుకు ఉబ్బడానికి చోటుండదు. తలనొప్పి, వికారం, గందరగోళం అందుకే. ముదిరితే మూర్ఛలు వస్తాయి, ప్రాణానికే ముప్పు. నీరు తగ్గినప్పుడూ తలనొప్పి, వికారమే కదా. అందుకే చూసినవాళ్ళు పొరబడతారు. ఆ పొరపాటు మనిషి చేత ఇంకా నీళ్ళు తాగిస్తుంది.

గందరగోళంగా ఉన్నారు కాబట్టి మామూలు సెలైన్ వద్దనుకుని, మూడు శాతం గాఢత ఉన్న సెలైన్ 100 మిల్లీలీటర్లు ఎక్కించాం. గంటలోపే మాట స్పష్టమైంది. ఆ తర్వాత తొందరపడలేదు. ఇది ఆ ఒక్క పూటలో పడిపోయిన సోడియం కాకపోవచ్చని, వారాలుగా కొంత తగ్గుతూ వచ్చి ఉండొచ్చని మా అనుమానం. అలాంటప్పుడు మరీ వేగంగా పెంచితే మెదడుకు వేరే రకం హాని జరుగుతుంది. రోజుకు ఎనిమిది మిల్లీమోల్స్‌కు మించకుండా చూస్తూ, నీళ్ళు అదుపులో పెట్టి, మూడు రోజుల్లో 135 దాటించాం.

అనుమానం ఎందుకొచ్చిందంటే ఆ రాత్రి ఆయన మాత్రల స్ట్రిప్ చూశాను. మొదటి విజిట్‌లో "బీపీకి ఒక మాత్ర" అన్నారు, నేను పేరు అడగలేదు. నాలుగు నెలల కింద ఆ మాత్ర మారింది. కొత్తదానిలో రెండు మందులు కలిసి ఉన్నాయి, అందులో ఒకటి క్లోర్‌థాలిడోన్. బీపీకి మంచి మందే. కానీ ఈ రకం మందులు ఉప్పును మూత్రంలో బయటికి పంపుతూ, ఎక్కువైన నీటిని వదిలించుకునే శక్తిని కిడ్నీకి తగ్గిస్తాయి. వయసు పైబడినవాళ్ళలో ఎండతో సంబంధం లేకుండానే సోడియం పడేసే మందుల్లో ఇవి ముందుంటాయి.

దానికి తోడు ఇంకొకటి. వేడి, నొప్పి, వికారం, ఎక్కువసేపు శ్రమ, వీటిలో ఏది ఉన్నా వాసోప్రెసిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. అది నీటిని పట్టి ఉంచమని కిడ్నీకి చెప్తుంది. ఇంట్లో కూర్చుని రెండు లీటర్లు ఎక్కువ తాగితే మూత్రంలో పోతుంది. ఎండలో 14వ హోల్ దగ్గర అవే రెండు లీటర్లు లోపలే ఉండిపోతాయి. ఒక్కసారి వికారం మొదలైతే చాలు, నీరు ఇంకా నిలుస్తుంది, దానివల్ల వికారం ఇంకా పెరుగుతుంది.

నాకు ఇదంతా కొత్త విషయం కాదు, బాధ అందుకే. ఎక్కువ దూరం పరుగెత్తేవాళ్ళలో నీరు ఎక్కువై ప్రమాదం వస్తుందని 1985లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. 2002 బోస్టన్ మారథాన్ పూర్తి చేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం 135, లేదా అంతకన్నా తక్కువ ఉంది. అలా తగ్గడంతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడి కనిపించింది, పరుగు తర్వాత బరువు పెరగడం. అది చదివి ఉండి కూడా, మారథాన్ వాళ్ళ సంగతి కదా అని ఒక మూల పెట్టేశాను. ఆలోచిస్తే గోల్ఫ్‌లో ఈ ప్రమాదానికి వీలు ఎక్కువే. శ్రమ మధ్యస్థం, చెమట మరీ విపరీతం కాదు, సమయం మాత్రం చాలా ఎక్కువ, ట్రాలీలో సీసాలు చేతికందేటట్టే ఉంటాయి. పరుగెత్తేవాడు ఆగి తాగాలి. గోల్ఫర్‌కు ప్రతి షాట్ మధ్యా తాగే తీరిక ఉంటుంది.

నోట్‌బుక్ మళ్ళీ తెరిచాను. ప్రతి అంకె పక్కన ఆయన చేతిరాతలో చిన్నగా "తుడుచుకుని, బట్టలు లేకుండా" అని ఉంది. మొదటిసారి నేనది చదవలేదు.

ఏది పనిచేసింది

ఆయన బీపీ చూసే డాక్టర్‌తో మాట్లాడాను. ఆమె క్లోర్‌థాలిడోన్ ఆపి వేరే రకం మందు ఇచ్చారు. ఇది చదివి ఎవరూ తమ మాత్ర తామే ఆపేయొద్దు. ఎండాకాలం ఆడేవాళ్ళు, మాత్ర ఇచ్చిన డాక్టర్‌కు "నేను ఎండలో ఐదు గంటలు ఉంటాను" అని చెప్పడం మాత్రం తప్పనిసరి. ఇలా ఉప్పును మూత్రంలో బయటికి పంపే మాత్రలే కాదు, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, మత్తు తెప్పించే పాతరకం అలర్జీ మాత్రలు కూడా వేడిని తట్టుకునే తీరును మారుస్తాయి.

రెండు వారాలు ఆట పూర్తిగా ఆపాం. సోడియం 138 దగ్గర నిలకడగా ఉందని రెండుసార్లు చూశాకే మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఒంటిని వేడికి అలవాటు చేస్తూ. మూడు రోజులు ఉదయం పుట్టింగ్, చిప్పింగ్ (గ్రీన్ దగ్గర నుంచి కొట్టే చిన్న దెబ్బలు) మాత్రమే, 40 నిమిషాలు. తర్వాత ఆరు హోల్స్. తర్వాత తొమ్మిది. వేడికి అలవాటుపడడానికి ఒంటికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి కొద్ది రోజుల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది. తర్వాత చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కొన్ని వారాలు ఎండకు దూరంగా ఉంటే ఈ అలవాటు పోతుంది. పోయినేడు పోటీలో పడిపోవడానికి కారణం సీసాలు తక్కువ కావడం కాదు, ఈ రెండు వారాలు లేకపోవడం. ఆ రోజు కారణం సరిగ్గా గుర్తించి ఉంటే ఈ ఏడాది కథే ఉండేది కాదు.

తొమ్మిది హోల్స్ రోజు చెమట కొలిచాం. ముందు 77.9 కిలోలు, తర్వాత 77.3. మధ్యలో తాగింది 0.8 లీటరు, మూత్రంలో పోయింది 0.2. తగ్గిన 0.6కు తాగిన 0.8 కలిపి, 0.2 తీసేస్తే చెమట 1.2 లీటర్లు. రెండు గంటల ఇరవై నిమిషాల ఆట కాబట్టి గంటకు దాదాపు అర లీటరు. ఇది ఆయన లెక్క, ఆ వాతావరణంలో ఆ నడకకు వచ్చిన లెక్క. ఇంకొకరికి ఇందులో సగం ఉండొచ్చు, రెట్టింపు ఉండొచ్చు. అందుకే గంటకు ఇన్ని సీసాలని అందరికీ ఒకే మాట చెప్పడం ఇప్పుడు మానేశాను.

18 హోల్స్‌కు చెమట రెండున్నర లీటర్ల లోపు. కాబట్టి ట్రాలీలో పెట్టుకునేది రెండు లీటర్లు, దాహం వేసినప్పుడే తాగాలి. అది అయిపోతే నింపుకోవచ్చు, కానీ అది దాహం అడిగితేనే. రౌండ్ అయ్యేసరికి బరువు అర కిలో నుంచి ముప్పావు కిలో తగ్గి ఉండాలి, అంటే ఒక శాతం లోపు. ఆయన మొదట దీనికి ఒప్పుకోలేదు. బరువు తగ్గితే నీరు తక్కువైనట్టే కదా అన్నారు. ఆ కాస్త లోటు హాని చేయదని, ఇంటికెళ్ళి భోజనంతో పాటు పూడ్చుకోవచ్చని చాలాసేపు చెప్పాను. మూత్రం మంచినీళ్ళలా తెల్లగా ఉండాలని ఆయనకొక పట్టుదల ఉండేది. లేత పసుపు రంగే సరైనదని చెప్పి ఆ పట్టుదల వదిలించాను.

స్పోర్ట్స్ డ్రింక్ గురించి కూడా ఒక మాట. ఉప్పు ఉంది కాబట్టి ఎంత తాగినా ఫర్వాలేదని ఆయన నమ్మారు, నేనూ ఆ నమ్మకాన్ని పెంచాను. మామూలు స్పోర్ట్స్ డ్రింక్‌లో సోడియం లీటరుకు ఇరవై మిల్లీమోల్స్ చుట్టూ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన ఓఆర్ఎస్‌లో 75. రక్తంలో 140. ఏది తాగినా రక్తం కన్నా పలచనే. పరిమాణం మించితే ఏదీ కాపాడదు.

వాతావరణానికి ఒక హద్దు కావాలి. ఫోన్ చూపించే ఉష్ణోగ్రత నీడలో కొలిచింది, ఫెయిర్‌వే మీద ఎండ దానికి అదనం. అందుకే డబ్ల్యూబీజీటీ అనే కొలత వాడాం. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్‌కు 70 శాతం, ఎండలో పెట్టిన నల్ల గోళానికి 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతకు 10 శాతం బరువిచ్చి లెక్కగట్టే అంకె ఇది. తేమకు అంత పెద్ద వాటా ఇవ్వడంలోనే దాని విలువ. చేతిలో పట్టే మీటర్లు దొరుకుతాయి. ఆయన వయసు, ఆరోగ్యం చూసి నేను పెట్టిన హద్దులు ఇవి: 28 దాటితే నడక వద్దు, కార్ట్ తీసుకోవాలి. 30 దాటితే తొమ్మిది హోల్సే. 32 దాటితే ఆ రోజు ఆట లేదు. కార్ట్ అన్న మాటకు ఆయన ముఖం చిన్నబోయింది. ఒంట్లో పుట్టే వేడి తగ్గించాలంటే నడక తగ్గించడం కన్నా సూటి మార్గం లేదని, మిగిలిన రోజులన్నీ నడకేనని చెప్పాక సరేనన్నారు.

హాయిగా ఆడడానికి చేసిన చిన్న మార్పులు ఆయనకు బాగా నచ్చాయి. ట్రాలీకి బిగించే గొడుగు అన్నిటికన్నా ఉపయోగపడింది, ఎందుకంటే ఎండలో ఎక్కువసేపు గడిచేది కొట్టడంలో కాదు, వేచి ఉండడంలో. తన గొడుగు తానే పట్టుకుని కొట్టడానికి నియమాలు ఒప్పుకుంటాయి, కొట్టే సమయంలో క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) పట్టడానికి ఒప్పుకోవు. గ్లవ్‌లు మూడు పెట్టుకుని మార్చుకుంటారు, తీసినది గొడుగు కడ్డీకి ఆరేస్తారు. తడి గ్లవ్‌తో క్లబ్ జారుతుందన్న భయంతో పట్టు బిగుస్తుంది, దాంతో ముంజేయి గట్టిపడి స్వింగ్ పాడవుతుంది. ఎండలో ఆట చెడిపోవడానికి కారణం కొంత అదే. సన్‌స్క్రీన్ ముందే రాసుకుని రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి, అరచేతికి అంటకుండా చేతి వెనక భాగంతో. తొమ్మిది హోల్స్ తర్వాత సాక్స్ మార్చుకోవాలి. ఐస్ నీటిలో ముంచిన తువ్వాలు మెడకు చుట్టుకుంటే ప్రాణం లేచి వస్తుంది. అయితే అది వేడి తెలియకుండా చేసినంతగా లోపలి వేడిని తగ్గించదు. మెడ చల్లగా ఉంది కదా అని హద్దు దాటి ఆడొద్దని గట్టిగా చెప్పాను.

పాఠాలు

ఎండలో తలనొప్పి, వికారం అనగానే నీళ్ళు తక్కువని తేల్చే ముందు నేనిప్పుడు నాలుగు అడుగుతాను. బరువు పెరిగిందా తగ్గిందా? దాహంగా ఉందా? ఎంత తాగారు? ఏ మాత్రలు వేసుకుంటున్నారు, స్ట్రిప్ చూపిస్తారా? ఉంగరం బిగుసుకుందన్న మాట ఒక్కటే అయితే దానికంత విలువ లేదు. బరువు పెరగడం, దాహం లేకపోవడంతో కలిసి వస్తే దానికి అర్థం మారిపోతుంది. మన ఊహకు సరిపోని అంకె కనిపిస్తే, అంకెను అనుమానించే ముందు ఊహను అనుమానించాలి. ఈ కేసులో నేను దానికి తిరగేసి చేశాను.

కోర్స్ మీద ఉన్న తోటి ఆటగాళ్ళకు ఇంత వివరం అక్కరలేదు. వాళ్ళను పిలిచి కూర్చోబెట్టి చెప్పింది ఇది. మూడు హోల్స్‌కోసారి ఆయన్ని స్కోరు అడగండి. జవాబు తడబడినా, నడక తూలినా, వాంతి అయినా ఆట ఆపండి. హఠాత్తుగా అస్వస్థత వచ్చిన ఆటగాడికి కోలుకోవడానికి మామూలుగా పదిహేను నిమిషాల దాకా ఇవ్వమని గోల్ఫ్ నియమాల వివరణలోనే ఉంది, కాబట్టి పెనాల్టీ భయంతో లాగించొద్దు. మనిషి తెలివిగా ఉండి, దాహంగా ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి అంటే నీడలో పడుకోబెట్టి కొద్దికొద్దిగా తాగించండి. మాట తేడాగా ఉంటే మాత్రం అది వడదెబ్బా, నీరు ఎక్కువవడమా అన్నది అక్కడ మీకు తేలదు, తేల్చే ప్రయత్నం చేయొద్దు. అంబులెన్స్‌కు ఫోన్ చేయండి. నోట్లో నీళ్ళు పోయొద్దు. ఒళ్ళు కాలిపోతుంటే అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా చల్లబరచడం మొదలుపెట్టండి: ఒళ్ళంతా నీళ్ళు పోసి, ఐస్ రుద్ది, విసరండి. చెమట పడుతోంది కదా వడదెబ్బ కాదులే అనుకోవద్దు, ఆడుతూ పడిపోయినవాళ్ళలో చెమట ఉండొచ్చు. వడదెబ్బలో మొదటి అరగంటలో చల్లబరిచినదాన్ని బట్టే ప్రాణం నిలుస్తుంది.

ఆ ఎండాకాలం మిగిలిన రోజుల్లో ఆయన పదకొండు రౌండ్లు ఆడారు. తొమ్మిదింటిలో నడిచారు, రెండింటిలో కార్ట్. తలనొప్పి ఒకే ఒక్కసారి వచ్చింది. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ నా ఫైల్లో కాపీ పెట్టుకున్నాను. 14వ హోల్ దగ్గర మీటర్ 30 దాటిందని, తల కొంచెం బరువుగా ఉందని, దాహం లేదని, అందుకే నీళ్ళు తాగకుండా ఆట ఆపి కార్ట్ పిలిపించుకున్నానని రాశారు. కింద బరువు: ముందు 77.8, తర్వాత 77.4. పక్కన అదే చిన్న చేతిరాత: తుడుచుకుని, బట్టలు లేకుండా.